కుక్కరు తెలిసిన మనిషికి ఇంజను తెలియదా?

మ్యూజియంలో ఇంజన్ల హాలు ఆడవాళ్లది కాదని ఎవరూ బోర్డు పెట్టలేదు. అయినా ఏ ఆదివారమైనా పోయి చూడండి. లోపల నాన్నలు, మామలు, మగపిల్లకాయలు. బయట బెంచీల మీద కాళ్లు చాపుకుని కూర్చున్న అమ్మలు, అవ్వలు. వాళ్ల పక్కన పులిహోర డబ్బాలు, నీళ్ల బాటిళ్లు, నిద్రపోయిన చంటిబిడ్డలు. "మీరు పోయి చూసి రండి, మాకేం అర్థమవుతుంది" అనే మాట అనేది కూడా మనమే. వాళ్లు "సరేలే" అని పోతారు. ఈ ఏర్పాటు నాకు నచ్చదు. ఎందుకు నచ్చదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వాళ్లకు ఇంజన్ల మ్యూజియం అంటే బెంగళూరులోని విశ్వేశ్వరయ్య మ్యూజియమే. కబ్బన్ పార్కు పక్కన, కస్తూర్బా రోడ్డులో ఉంటుంది. మదనపల్లె నుంచి చింతామణి, హోస్కోటె మీదుగా బస్సు. పుంగనూరు వాళ్లు ముళబాగిలు, కోలారు మీదుగా పోతారు. కుప్పం వాళ్లకు బంగారుపేట మీదుగా రైలుంది. మనకు విజయవాడ కన్నా, హైదరాబాదు కన్నా అదే దగ్గర. విశ్వేశ్వరయ్య గారు 1962 ఏప్రిల్లో పోయారు. అదే ఏడాది జూలైలో నెహ్రూ ఆ మ్యూజియం భవనాన్ని ప్రారంభించారు. మన వైపు బళ్లలో చదివిన పిల్లలు ఒక్కసారైనా అక్కడికి టూరు పోయి ఉంటారు.

పోతారు సరే, ఏం చూస్తారు? వాకిట్లో డైనోసార్ దగ్గర ఫోటో దిగుతారు. రైట్ సోదరుల విమానం నమూనా దగ్గర ఇంకో ఫోటో. ఇంజన్ల హాలులోకి ఒక తలుపులో దూరి ఇంకో తలుపులో బయటపడతారు. మా పిల్ల చదివిన బడి వాళ్లు టూరుకు తీసుకుపోయినప్పుడు మ్యూజియం మొత్తానికి ముక్కాలు గంట ఇచ్చారు, నీళ్ల ఆటల పార్కుకు అయిదు గంటలు. "ఏం చూశావే" అని అడిగితే "నల్లగా పెద్ద చక్రాలు ఉన్నాయి" అంది. అందుకే మొన్న వేసవిలో ఇంటిల్లిపాదీ పోయాం. ఈసారి మా అత్తమ్మను కూడా లోపలికి నడిపించుకుని పోయాను. మోకాళ్ల నొప్పి అంటే ప్రతి పది నిమిషాలకూ కూర్చుందాంలే అని చెప్పాను.

పట్టాల మీద పరుగెత్తే ఆవిరి ఇంజను మనకు సినిమాల వల్లనైనా తెలుసు. దాని కన్నా ముందు పుట్టినది ఒకేచోట నిలబడి పనిచేసే ఇంజను. అది ఎక్కడికీ పోదు. నేలకు బిగించి ఉంటుంది. పొయ్యిలో నిప్పు, బాయిలర్‌లో నీళ్లు, ఆవిరితో ముందుకూ వెనక్కూ కదిలే కడ్డీ, ఆ కడ్డీతో తిరిగే పెద్ద చక్రం. ఆ చక్రానికి బెల్టు తగిలిస్తే మిగతావన్నీ తిరుగుతాయి. గనిలో నీళ్లు తోడటం, మగ్గాలు ఆడించడం, వడ్లు పట్టడం, చెరకు పిండటం అన్నీ దానితోనే. మా చిన్నోడు "ఇది యాడికీ పోదా? మరి దేనికి?" అన్నాడు. ఒకచోట నిలబడి ఇంటిల్లిపాదినీ కదిలించే వాళ్ల సంగతి నాకు కొత్త కాదు గనుక నవ్వొచ్చింది.

ఇంజను ఎట్లా పనిచేస్తుందో అర్థం కావాలంటే ఇంజనీరింగు చదవాలని మనకు ఒక భయం. దాని కథ మొదలైంది వంటపాత్రలోనే అని నేను చదివి తెలుసుకున్నాను. డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచివాడు 1679లో లండన్‌లో మూత గట్టిగా బిగించే ఒక పాత్ర తయారు చేశాడు. ఎముకలు కూడా మెత్తగా ఉడికేంత వేడి అందులో పుడుతుంది. మన ప్రెషర్ కుక్కరుకు అదే మూలం. లోపలి ఆవిరికి పాత్ర పగిలిపోకుండా బరువు పెట్టిన ఒక వాల్వ్ కూడా అతనే అమర్చాడు. మన కుక్కరు మీద వెయిట్ పని అదే కదా. 1682లో అక్కడి రాయల్ సొసైటీ పెద్దమనుషులకు ఆ పాత్రలో వండి విందు కూడా పెట్టాడు. ఆవిరికి ఇంత బలం ఉంటే దానితో పిస్టన్‌ను కదిలించవచ్చు కదా అనే ఆలోచనను 1690లో రాసి పెట్టింది కూడా ఆ పాపినే. అంటే వంటింటి మీదుగానే ఆవిరి ఇంజను దాకా దారి పడింది. బడి పుస్తకాల్లో మాత్రం జేమ్స్ వాట్, కెటిల్ మూత కథే చెబుతారు. ఆ కథ నిజమో కాదో పక్కన పెట్టండి. ఆ కెటిల్ పొయ్యి మీద పెట్టినది ఎవరని మాత్రం ఏ మేష్టారూ అడగడు.

నిజంగా పనిలోకి దిగిన మొదటి పెద్ద ఇంజనును 1712లో థామస్ న్యూకమెన్ అనే ఇనుప సామాన్ల వ్యాపారి ఇంగ్లండులో ఒక బొగ్గు గని దగ్గర నిలబెట్టాడు. అది ఆవిరి తోసినందువల్ల కన్నా, ఆవిరి చల్లారినందువల్ల ఎక్కువ పనిచేస్తుంది. ఇదేంది అనుకోకండి. వేడి వేడి సాంబారు స్టీలు డబ్బాలో పోసి మూత బిగించి, చల్లారాక తీయబోతే ఏమవుతుంది? మూత రాదు. మగవాళ్లను పిలవాల్సి వస్తుంది, లేకపోతే స్పూను మొనతో లేపాలి. లోపలి ఆవిరి నీళ్లయిపోయి చోటు ఖాళీ అయింది, బయటి గాలి మూతను అదిమిపట్టింది. న్యూకమెన్ చేసింది ఇదే. సిలిండర్ నిండా ఆవిరి నింపి, చల్లనీళ్లు చిమ్మితే లోపల ఖాళీ పుడుతుంది. బయటి గాలి బరువుకు పిస్టన్ కిందికి దిగుతుంది, అవతలి కొసన గనిలోని నీళ్లు పైకి వస్తాయి.

అయితే ఆ ఇంజను బొగ్గును తెగ తినేది. ప్రతిసారీ సిలిండర్‌ను చల్లార్చాలి, మళ్లీ వేడి చేయాలి. ఒక్కో దోసెకూ పెనం కడిగి చల్లార్చి మళ్లీ పొయ్యి మీద పెడితే గ్యాసు బండ ఎన్నాళ్లొస్తుంది? గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్ ఆ లోపాన్నే పట్టుకున్నాడు. సిలిండర్ ఎప్పుడూ వేడిగానే ఉండాలి, ఆవిరిని పక్కన వేరే పాత్రలోకి పంపి అక్కడ చల్లార్చాలి అన్నాడు. 1769లో పేటెంటు తీసుకున్నాడు. ప్రపంచాన్ని మార్చిన ఆలోచన అంటారు దాన్ని. అది గ్యాసు ఆదా ఆలోచన. ప్రతి ఇంట్లో రోజూ ఎవరో ఒకరు చేస్తున్నదే.

మా అత్తమ్మ ఎక్కువసేపు నిలబడింది కడ్డీ, చక్రం దగ్గర. కాలితో తొక్కే కుట్టుమిషను మీద ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టిన మనిషి ఆమె. బటను నొక్కితే కదిలే నమూనాను రెండుసార్లు నొక్కించుకుని చూసి, "ఏమ్మే, ఇది మన మిషనే కదా" అని మనవరాలిని పిలిచింది. "కాలు పైకీ కిందికీ పోతాది, చక్రం గుండ్రంగా తిరుగుతాది. కడ్డీ సరిగ్గా పైనగానీ కిందగానీ నిలిచిపోయిందనుకో, ఎంత తొక్కినా కదలదు. చేత్తో చక్రాన్ని ఒక తోపు తోయాల. రివర్సు తిరిగిందంటే దారం తెగిపోతాది. ఒకసారి తిరగడం మొదలైనాక చక్రం బరువే దాన్ని లాక్కుపోతాది." ఇంజనీర్లు డెడ్ సెంటర్ అనేదీ, ఫ్లైవీల్ అనేదీ అవే. ఆ రెండు మాటలు ఆమెకు తెలియవు. సంగతి మాత్రం పూర్తిగా తెలుసు. "నీకెట్లా తెలుసు జేజీ?" అని మా పిల్ల అడిగింది. "తొక్కితే తెలీదా?" అంది.

ఇంజను పైన గిర్రున తిరిగే రెండు ఇనుప గుండ్లు ఉంటాయి, గవర్నర్ అంటారు. గాలిమరల్లో అప్పటికే ఉన్న పద్ధతిని వాట్ 1788లో తన ఇంజనుకు పెట్టుకున్నాడు. వేగం పెరిగితే గుండ్లు దూరం జరిగి పైకి లేస్తాయి, అవి లేస్తే ఆవిరి వచ్చే దారి సన్నబడుతుంది. వేగం తగ్గితే కిందికి దిగి దారి తెరుస్తాయి. పావడ కట్టుకున్న పిల్ల గిర్రున తిరిగితే పావడ గొడుగులా లేస్తుంది చూడండి, అదే లెక్క. పాలు పొంగు వచ్చినప్పుడు మంట తగ్గించి, అణిగాక మళ్లీ పెంచే చెయ్యి కూడా ఒక గవర్నరే.

ఇంకో చిన్న లెక్క పిల్లలకు చెప్పడానికి పనికొస్తుంది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. మర తిప్పే గుర్రాల బలంతో తన ఇంజను బలాన్ని పోల్చి చెప్పడానికి వాట్ ఆ లెక్క తెచ్చాడు. మన మిక్సీ అడుగున 750 వాట్లు అని రాసి ఉంటుంది. అంటే పొద్దున్నే చట్నీ వేసేది ఒక గుర్రం. దాని పక్కన వాట్లు అని ఉన్నది ఆయన పేరే.

ఈ ఇంజన్లకూ మన ఊళ్లకూ ఏం సంబంధం అనే వాళ్లకు కుప్పం రైలు ఎక్కమని చెబుతాను. బంగారుపేటలో దిగి ఇంకో రైలెక్కితే కోలారు బంగారు గనులు. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ ఆ గనులు నడిపింది. గని పనివాళ్లూ ఇంజన్లు తెలిసిన వాళ్లూ ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చారు. న్యూకమెన్, వాట్ ఇంజన్లు నీళ్లు తోడిన తగరం, రాగి గనులు ఆ కార్న్‌వాల్‌వే. లోపలికి దిగి రాయి కొట్టిన కూలీలు ఎక్కువమంది మన తెలుగు, తమిళ పల్లెల వాళ్లు. కరెంటు రాకముందు అక్కడ మనుషులను దించాలన్నా, రాయిని పైకి లాగాలన్నా, నీళ్లు తోడాలన్నా ఆవిరే దిక్కు. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగలు లాగి ఆ గనులకు కరెంటు తెచ్చారు. ఆ తర్వాత ఆవిరి పని తగ్గుతూ వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న గనులే మూతపడ్డాయి. మన వైపు గుడుపల్లె మండలంలోని చిగురుగుంట గని కథ కూడా ఆ ఏడాదే ముగిసింది. కుప్పం చుట్టుపక్కల మా అమ్మ తరం ఆడవాళ్లకు గని సైరన్, షిఫ్టు, రైలు టైము అన్నీ తెలుసు. ఏ షిఫ్టుకు ఎప్పుడు సద్ది కట్టాలో తెలియాలంటే అవన్నీ తెలియాల్సిందే. ఇంజను చరిత్రలో ఆ సద్దిమూటకు కూడా చోటుండాలి.

చరిత్ర అన్నాక పొగడ్తలే చెప్పకూడదు. మర రాకముందు మన ఇళ్లలో తెల్లవారుజామున తిరగలి చప్పుడుతో లేచేవాళ్లు. సంగటికి రాగులు విసరాలి, వడ్లు దంచాలి, బాయిలో నీళ్లు చేదాలి. కపిల తోలే ఎద్దులకు కూడా సాయంత్రం దాకా విశ్రాంతి లేదు. ఆయిల్ ఇంజనుతో ఆడే పిండి మర వచ్చిన రోజుల్లో మా అత్తమ్మ కొత్తకోడలు. రాగుల గంప నెత్తిన పెట్టుకుని మర దగ్గర వరుసలో కూర్చున్నప్పుడు ప్రాణం లేచొచ్చిందని చెబుతుంది. ఆవిరి ఇంజనుకు వారసుడే ఆ ఆయిల్ ఇంజను. బయట పొయ్యి తీసేసి నిప్పును సిలిండర్ లోపలే పెట్టారు, అంతే. అయితే అదే వాడలో కూలికి దంచి గంజి తాగే ఆడవాళ్లు కొందరుండేవాళ్లు. మర వచ్చాక వాళ్లను పిలిచేవాళ్లు లేకపోయారు. ఒక ఇంటికి విశ్రాంతి, ఇంకో ఇంటికి పస్తు. ఆ హాలులో నిలబడి పిల్లలకు ఈ రెండూ చెప్పాలి. ఇంజను పక్కన ఉండే బోర్డు మీద ఇవి ఉండవు. మన దగ్గర ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం. మా పిల్ల ఈ ఏడాది పాలిసెట్ రాసింది. డిప్లొమాలో మెకానికల్ చదువుతానంటుంది. విచారించడానికి పోతే ఒక కాలేజీలో కూర్చున్నాయన ఫారం మీంచి తల కూడా ఎత్తకుండా "ఆడపిల్లకు మెకానికల్ ఏందమ్మా, కంప్యూటర్స్ రాయించండి" అన్నాడు. చుట్టాలు "గ్రీజు పూసుకుంటావా" అని నవ్వారు. మా ఆడబిడ్డ పుంగనూరు నుంచి ఫోను చేసి మరీ చెప్పింది, పెళ్లి సంబంధాలప్పుడు ఇబ్బందని. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. వాళ్ల కళ్లలో యంత్రం పక్కన ఆడమనిషి ఎప్పుడూ నిలబడలేదు. బెంచీ మీదనే కూర్చుంది. పిల్లలు చిన్నప్పటి నుంచి చూసేది కూడా అదే. నాన్న వివరిస్తాడు, అమ్మ సంచీ పట్టుకుంటుంది. ఇక ఆడపిల్లకు "నువ్వు కూడా చదువుకోవచ్చు" అని నోటితో ఎన్నిసార్లు చెబితే ఏం లాభం?

"ఇంట్లో కుక్కరు వాడినంత మాత్రాన ఇంజనీరు అవుతారా?" అని అడిగేవాళ్లుంటారు. మా ఇంటాయన అడిగాడు కూడా. కారు. కుక్కరులో ఆవిరి ఒత్తిడి ఎంత, నీళ్లు ఎన్ని డిగ్రీలకు మరుగుతాయి, పిస్టన్ వెడల్పు ఎంతుంటే ఎంత బలం వస్తుంది అనేవి లెక్కలు వేసి నేర్చుకోవాల్సిందే. దానికి చదువు కావాలి, గురువు కావాలి. నేనంటున్నది వేరే. ఆ చదువుకు పునాది ఆడవాళ్ల చేతుల్లో ముందే ఉంది. గ్యాస్కెట్ వదులైతే ఆవిరి ఎక్కడ కారుతుందో, వెయిట్ రంధ్రం పప్పుతో మూసుకుపోతే ఎంత ప్రమాదమో, అప్పుడు సేఫ్టీ వాల్వ్‌లో లోహం ఎందుకు కరిగిపోతుందో అనుభవంతో తెలిసిన వాళ్లు "మాకేం తెలుసు" అనకూడదు. ఆ మాట విని పెరిగే ఆడపిల్ల అదే మాట అంటుంది.

"అవన్నీ పాతబడిన ఇనుము, ఇప్పుడవి ఎందుకు" అనే వాళ్లూ ఉన్నారు. మన బల్బు వెలగడానికి ఇవాళ కూడా ఎక్కువగా బొగ్గు మండించి, నీళ్లను ఆవిరి చేసి, ఆ ఆవిరితోనే చక్రం తిప్పుతున్నారు. పిస్టన్ స్థానంలో టర్బైన్ వచ్చింది, ఆవిరి మాత్రం పోలేదు. పైగా కొత్త యంత్రాల్లో అన్నీ మూతల కింద దాక్కుంటాయి. పాత ఇంజనులో కడ్డీ కదలడం, చక్రం తిరగడం కంటికి కనబడుతుంది. పిల్లలకు మొదట చూపించాల్సింది అదే. మన ఊళ్లలో ఇలాంటి పాతవి, కనీసం చెరకు గానుగలూ ఆయిల్ ఇంజన్లూ, కిలోల లెక్కన పాతసామాన్లకు పోకముందే ఏ బడి ఆవరణలోనో రేకుల షెడ్డు వేసి నిలబెడితే బెంగళూరు దాకా పోలేని పిల్లలు కూడా చూస్తారు.

పోయేవాళ్లకు నాలుగు మాటలు. బడి టూర్ల రద్దీ లేని రోజు చూసుకుని పొద్దున్నే పొండి. ఇంజన్ల హాలు కింది అంతస్తులోనే ఉంది కాబట్టి మెట్లెక్కలేని పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. డైనోసార్ ఫోటో అయ్యాక మొదట అక్కడికే పొండి, పిల్లలకు అలసట రాకముందే. సంచీని వంతులవారీగా పట్టుకోండి. ప్రతి యంత్రం దగ్గరా "ఇది ఎట్లా పనిచేస్తుంది" అని ఒకసారీ, "ఇది రాకముందు ఈ పని ఎవరు చేసేవాళ్లు" అని ఇంకోసారీ అడగండి. రెండో ప్రశ్నకు ఇంట్లో పెద్దామెనే చెప్పనివ్వండి, మధ్యలో అడ్డం పడకండి. కూతుళ్ల కాన్పులకు అమెరికా పోయే అమ్మలకు కూడా ఇదే మాట. డెట్రాయిట్ పక్కన డియర్‌బార్న్‌లో ఫోర్డ్ మ్యూజియంలో సుమారు 1760 నాటి న్యూకమెన్ ఇంజను ఉంది. అల్లుడు తీసుకుపోతే కార్ల దగ్గరే ఆగిపోకుండా దాని దాకా నడవండి. సాంబారు డబ్బా మూతను తలుచుకుంటే అది మీకు అర్థమవుతుంది.

మా పిల్ల మెకానికల్‌నే మొదటి ఆప్షన్‌గా పెట్టింది. సీటు వస్తుందా, ఎక్కడ వస్తుంది అనేది ఆమె ర్యాంకును బట్టి. ఆ ఆప్షన్ మీద ఇంట్లో మాట వచ్చినప్పుడు గట్టిగా సరే అన్నది మా అత్తమ్మ ఒక్కతే. "మిషను బాగుచేసేవాడు ఇంటికొస్తే నూర్రూపాయలు తీసుకుంటా ఉన్నాడని నేనే ఇప్పడం నేర్చుకున్నా. అది పుస్తకం చదివి నేర్చుకుంటాదంట, వద్దనడానికి ఏముంది?" అంది. ఇంట్లో ఇంకెవరూ ఆ మాటకు బదులు చెప్పలేదు.